కథల్లోని మెదడు పరికరాలు గీయడం, 4వ పాఠం: చర్మం కింది బొప్పి

ఈ వారం లోహాల గురించి చెబుతానని మాటిచ్చాను. ఆ పాఠం వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన బొమ్మలన్నీ రెండేసి సార్లు చూశాక, ముందు సరిచేయాల్సినవి చాలా ఉన్నాయని తేలింది. మనసును లొంగదీసే పరికరానికి మీరు ఊహించిన ఆకారాలు బాగున్నాయి. కానీ దాదాపు అందరి బొమ్మల్లోనూ అది తలకు అతికించిన బొట్టుబిళ్లలా ఉంది. మనిషి తల విదిలిస్తే ఊడి కిందపడేలా ఉంది. ఇందులో తప్పు నాదే. "చెవి వెనక పెట్టండి" అని రాసి ఊరుకున్నాను. చెవి వెనక ఏముందో చెప్పలేదు.

ఇప్పుడే వేలు పెట్టి చూసుకోండి. చెవి తమ్మె వెనక గట్టిగా, గుండ్రంగా ఒక ఎముక తగులుతుంది. అక్కడి నుంచి వేలు కాస్త పైకి, వెనక్కి జరిపితే పుర్రె చదునవుతుంది. వినికిడి లోపం ఉన్నవాళ్లకు పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ లోపలి భాగం ఆ చదునులోనే ఉంటుంది. చాలా ఆపరేషన్లలో డాక్టర్లు ఎముకను పైపైన తొలిచి చిన్న గుంట చేసి, దాన్ని అందులో అమర్చి, చర్మం కప్పి కుట్టేస్తారు. బయట కనిపించే బిళ్ల వేరు. దాన్ని లోపలి అయస్కాంతం చర్మం అవతలి నుంచి పట్టి ఉంచుతుంది. కాబట్టి మీరు గీయాల్సింది పరికరాన్ని కాదు. దాని మీద కప్పి ఉన్న చర్మాన్ని.

నెత్తి మీద చర్మం సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని కింద పుర్రె పెద్దవాళ్లలో 6, 7 మిల్లీమీటర్లు. కణత దగ్గర ఇంకా పలచన. 2024 జనవరిలో మెదడు పరికరాలు తయారుచేసే న్యూరాలింక్ కంపెనీ మొదటిసారి మనిషికి అమర్చిన పరికరం వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు, మందం 8. అది పుర్రెలో తీసేసిన ముక్క స్థానంలో కూర్చుంటుంది. కొత్త రెండు రూపాయల నాణెం దాదాపు అంతే వెడల్పు. ఐదారు నాణేలు ఒకదాని మీద ఒకటి పెడితే ఆ పరికరం సైజు మీ కళ్ల ముందు ఉన్నట్టే. ఇప్పుడు చపాతీ పిండి ఆ చర్మమంత మందంగా, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు ఉండేలా ఒత్తండి. పీట మీద ఒకే ఒక్క నాణెం పెట్టి, పైన ఆ పిండి కప్పి, పక్క నుంచి టేబుల్ లైటు వేయండి. నాణెం అంచు ఎక్కడా కనిపించదు. ఒక వైపు వెలుగు మెల్లగా వెడల్పవుతుంది, రెండో వైపు నీడ మెల్లగా పలచబడుతుంది. అదే మీ బొప్పి. నాణేలు ఒక్కొక్కటీ పెంచుతూ గీయండి. మూడోదానికల్లా అంచు బయటపడుతుంది. చర్మం అక్కడ లాగి పట్టినట్టు, కాస్త మెరుస్తూ ఉంటుంది. నేను దీన్ని 2బి పెన్సిల్‌తో కాగితం మీదే చేస్తాను. టాబ్లెట్‌లో సాఫ్ట్ బ్రష్ చేతిలో ఉంటే కన్ను చూడకుండానే చెయ్యి నునుపు చేసేస్తుంది.

తలను మూడు వంతుల కోణంలో గీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. జుట్టు సంగతి మాత్రం ఒక్క మాట. కోసి కుట్టిన గీత మీద వెంట్రుక మొలవదు. అక్కడ జుట్టు రెండుగా చీలి, సన్నటి తెల్లగీత మిగులుతుంది.

బ్యాటరీ ఎక్కడుంటుందని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. పార్కిన్సన్ జబ్బుకు మెదడు లోతుల్లో కరెంటు పంపే చికిత్స ఉంది. మన నిమ్స్‌లోనూ చేస్తారు. మెదడులోకి వెళ్లే తీగ మందం 1.27 మిల్లీమీటర్లు. అది నడినెత్తికి కాస్త ముందు పుర్రెకు పెట్టిన రంధ్రంలోంచి బయటికొచ్చి, చెవి వెనక మరో తీగతో కలుస్తుంది. ఆ తీగ చర్మం కిందుగానే మెడ పక్కన దిగి, కాలర్ బోన్ కింద ఛాతీలో ఉన్న బ్యాటరీ డబ్బా దాకా వెళ్తుంది. సన్నటి మనిషి తల పక్కకు తిప్పితే మెడ మీద ఒక నరం బిగిసినట్టు ఆ తీగ కనిపించవచ్చు. బొమ్మ గీసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మెడ నిటారుగా ఉన్నప్పుడు మామూలు మనిషి. ఎవరో పిలిస్తే తల తిప్పగానే ఆ గీత. తీగలన్నీ బయట వేలాడదీసినవాళ్లు ఈసారి ఒక్కటే ఉంచండి, అదీ చర్మం కిందే.

ఇక ఎర్రలైటు. దీని గురించి పోయినసారే చెప్పి ఉండాల్సింది. ఎక్కువమంది కణత మీదో నుదుటి మీదో వెలిగే ఎర్రచుక్క పెట్టారు. దయచేసి తీసేయండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఏ యంత్రానికైనా లైటు పెట్టేది దాన్ని వాడేవాడి కోసం. ఇంట్లో ఇన్వర్టర్ లైటు మన కోసం, సెట్‌టాప్ బాక్స్ లైటు మన కోసం. పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగాలు కొన్నింటికి చిన్న లైటు ఉంటుంది. బిడ్డకు వినిపిస్తోందో లేదో తల్లికి తెలియాలని. మీ కథలో పరికరం ఎవరి తలలో ఉందో ఆ మనిషి దాన్ని వాడటం లేదు, వాడేది మరెవరో. అతను దూరంగా ఉంటే లైటుతో పని లేదు. రహస్యంగా నడిపిస్తుంటే ఆ లైటే అతన్ని పట్టిస్తుంది. వెనక నుంచి కాపలా కాసేవాడైతే లైటు పెడతల మీద ఉండాలి, నుదుటి మీద కాదు. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో తేలకుండా లైటు పెట్టకండి.

రెండో సంగతి చర్మానిది. రాత్రి ఫోన్ టార్చ్ మీద అరచెయ్యి మూయండి. చెయ్యి మొత్తం ఎర్రగా వెలుగుతుంది. ఆకుపచ్చ, నీలం కాంతిని రక్తం ఎక్కువగా మింగేస్తుంది, ఎరుపు దాటుకుని వస్తుంది. చర్మం కింద లైటుంటే అది అలా అంచుల్లేకుండా పరుచుకోవాలి. మీరు గీసినవి సూదిమొనలా పదునైన చుక్కలు. పైగా లోపల పెట్టే పరికరాలు చుట్టూ ఉన్న కణజాలాన్ని ఒక డిగ్రీకి మించి వేడెక్కించకుండా చూడాలని ఇంజనీర్లు తంటాలు పడతారు. అక్కడ ఉత్త దీపానికి కరెంటు ఎవరిస్తారు?

మూడోది చోటు. మీ పాత్రను రాత్రిపూట ట్యాంక్ బండ్ మీద నిలబెట్టండి. వెళ్లే ప్రతి బండి వెనకా ఎర్రలైటే. లాడ్ బజార్‌లో గాజుల కొట్టు ముందు నిలబెట్టండి. లక్క గాజుల రాళ్ల మెరుపులో మీ చుక్క దొరకదు. రంజాన్ నెలలో చార్మినార్ కింద నిలబెడితే చెప్పనే అక్కర్లేదు. పోనీ చుట్టూ చీకటి చేశారనుకోండి, అప్పుడు చూసేవాడి కన్ను నేరుగా ఆ చుక్క మీదికే పోతుంది, ముఖం చచ్చిపోతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. బొమ్మ మొత్తానికి విషయం ఆ ముఖం.

1963లో స్పెయిన్‌లోని కార్డోబా దగ్గర హోసే డెల్గాడో అనే శాస్త్రవేత్త ఒక ఎద్దు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి, అది మీదికొస్తుంటే చేతిలోని రేడియో ట్రాన్స్‌మీటర్ మీట నొక్కాడు. ఎద్దు ఆగి పక్కకు తిరిగింది. దాని కోపం చల్లారిందని ఆయన అన్నాడు. కోపం తగ్గలేదు, కాళ్లూ మెడా బలవంతంగా తిరిగాయంతే అని ఇతరులు అన్నారు. మీ పరికరం గీసే ముందు ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి. అది లాక్కునేది ఒంటినా, కోరికనా, జ్ఞాపకాన్నా? ఒంటిని లాక్కుంటే కళ్లు భయంతో పెనుగులాడుతుంటాయి, చేతులు మాత్రం ప్రశాంతంగా పని చేస్తుంటాయి. కోరికనే మార్చేస్తే ముఖంలో పెనుగులాటే ఉండదు. పక్కనున్న అమ్మ ముఖంలో ఉంటుంది. జ్ఞాపకం పోతే, మనిషి తన ఇంటి గడప దగ్గరే చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక ఆగుతాడు. మూడింటికీ ఒకే బొప్పి సరిపోతుంది. ముఖాలు మాత్రం మూడు రకాలు. తెల్లగుడ్లు తేలేసిన ముఖం ఈ మూడింటిలో దేనికీ పనికిరాదు.

వీలైతే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి (శుక్రవారం సెలవు). 19వ శతాబ్దపు ఫ్రెంచి కొయ్యశిల్పం ఒకటుంది. ముందు నుంచి ఫౌస్ట్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో చూస్తే అదే కథలోని అమ్మాయి, తలవంచిన మార్గరెటా. ఇద్దరూ ఒకే దుంగ. ముఖం కాసేపు పక్కనపెట్టి గడ్డం ఎత్తు, మెడ వంపు, భుజాలు మాత్రమే స్కెచ్ చేయండి. ఎవరు ఎవరి చేతిలో ఉన్నారో అక్కడే తెలిసిపోతుంది. అదే మ్యూజియంలో బిద్రీ పాత్రలూ చూసి రండి. జింకులో కొద్దిగా రాగి కలిపిన లోహంలో వెండి తీగ పొదిగి, ఆ తర్వాత లోహాన్ని నల్లబరుస్తారు. బయటి బిళ్లకు నేను ఎప్పుడూ ఆ నలుపు, ఆ వెండిగీతే వాడతాను. లోహాల పాఠంలో దీని మీద ఎక్కువ చెబుతాను. ఈలోగా అబిడ్స్ జగదీశ్ మార్కెట్ వైపు వెళ్తే పాడైన ఫోన్ బోర్డు ఒకటి అడిగి తెచ్చుకోండి.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది. ఇరానీ హోటల్లో ఒక టేబుల్ చుట్టూ నలుగురు, ముందు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నలుగురిలో ఒకరి మనసు మరొకరి చేతిలో ఉంది. పరికరం అస్సలు కనిపించకూడదు. బొప్పి లేదు, తీగ లేదు, కుట్లు లేవు. కథ చెప్పకుండా ఆ బొమ్మను ఇంట్లో ఇద్దరికి విడివిడిగా చూపించి, "వీళ్లలో ఎవరికో ఏదో అయింది, ఎవరికి?" అని అడగండి. ఇద్దరూ సరైన మనిషి మీద వేలు పెట్టాలి. పెట్టకపోతే ఆ బొమ్మను దిద్దకండి, కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచి గీయండి. నాకు మూడు నాలుగు కాగితాలు పడుతుంది, మీకూ పడుతుంది. వాళ్లు గుర్తుపట్టాక అప్పుడు ఆ మనిషి చెవి వెనక బొప్పి గీయండి. హెల్మెట్ పట్టీయో, చున్నీయో, మల్లెపూల దండో దాన్ని సగం కప్పేలా చూసుకోండి. పిండి కింద నాణేల స్కెచ్‌లు కూడా జతచేసి పంపండి.