రెండో రన్నింగ్ బ్యాక్ గురించి వాదించాలంటే

"అతన్ని ఉంచుకోవాల్సింది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: ఎవరిని తీసేసి? అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు వేసవి క్యాంపుకి 90 మందితో వెళ్తాయి. ఆగస్టు చివర్లో ఒక మంగళవారం, టెక్సస్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడింటికల్లా ఆ సంఖ్య 53కి దిగాలి. మీరు నాలుగో రన్నింగ్ బ్యాక్‌ని (బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని) ఉంచమన్నారంటే విసిరిన బంతి పట్టే ఆరో రిసీవర్‌నో, ముందు వరుసలో నిలబడి అడ్డుకునే తొమ్మిదో లైన్‌మన్‌నో ఇంటికి పంపమన్నట్టే. ఆ పంపాల్సిన మనిషి పేరు కూడా చెప్పగలిగితే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. లేకపోతే అది అభిమానమే. అభిమానం మంచిదే, కానీ దానికి జవాబు ఉండదు.

నేనుండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. డాలస్ కౌబాయ్స్ హెడ్ ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం ఉన్న ద స్టార్ ఈ ఊళ్ళోనే ఉంది. తెలుగు కుటుంబాలూ ఇక్కడ చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు క్రికెట్ స్కోర్లే చూసుకుంటారు. తర్వాత పిల్లల కోసమో ఆఫీసులో మాట కలపడం కోసమో కౌబాయ్స్ ఆట పెడతారు, ఇక వదలరు. వాళ్ళలో చాలామంది బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం రెండో రన్నింగ్ బ్యాక్ గురించి మాట్లాడటం ఇష్టం. జట్టును నడిపేవాళ్ళు నిజంగా ఎలా ఆలోచిస్తారో అక్కడే బాగా కనిపిస్తుంది. బంతి పట్టుకుని లైన్ మధ్యలోంచి పరిగెత్తే ఈ ఆటగాడు ప్రతి ఆటలో ఎన్నో దెబ్బలు తింటాడు. అందుకే మొదటివాడు సీజన్ మొత్తం ఆడతాడన్న నమ్మకం ఎప్పుడూ ఉండదు.

వాదన మొదలుపెట్టే ముందు, మీరు మాట్లాడుతున్నది ఏ పని గురించో తేల్చుకోండి. రెండోవాడు అంటే మూడు రకాల మనుషులు. మొదటివాడికి దెబ్బ తగిలితే మొత్తం భారం మోసేవాడు ఒకడు. మూడో డౌన్‌లో (పది యార్డులు వెళ్ళడానికిచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) మాత్రం దిగి, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడి, అవసరమైతే పాస్ పట్టేవాడు ఇంకొకడు. ఒకటి రెండు యార్డులు కావాల్సినప్పుడు గుద్దుకుని వెళ్ళేవాడు మూడోవాడు. మీరు ఒకడిని, అవతలివాళ్ళు ఇంకొకడిని మనసులో పెట్టుకుని మాట్లాడితే సాయంత్రం దాకా అరుచుకోవచ్చు. ఏమీ తేలదు.

ఇందులో అందరూ తక్కువగా చూసేది కాపాడే పనినే. టీవీలో కెమెరా బంతి వెంట వెళ్తుంది కాబట్టి అది కంటికి ఆనదు. మీరు ఆట రికార్డు చేసుకుంటే మూడో డౌన్ ఆటల్ని మళ్ళీ వేసి, బంతిని వదిలేసి రన్నింగ్ బ్యాక్‌ని మాత్రమే చూడండి. బంతి వెనక్కి అందించే స్నాప్‌కి ముందు, అవతలి జట్టు రక్షకులైన ఇద్దరు లైన్‌బ్యాకర్లు, బంతి అందించే సెంటర్‌కి అటూ ఇటూ వచ్చి నిలబడతారు. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్ మీదికి రావచ్చు, ఒకడే రావచ్చు, ఇద్దరూ వెనక్కి జారిపోవచ్చు. రన్నింగ్ బ్యాక్ కళ్ళు ముందు లోపలివైపు చూసి, తర్వాత బయటికి వెళ్ళాలి. క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి అతి దగ్గరి దారి మధ్యలోనే ఉంటుంది కాబట్టి అది మొదట మూయాలి. కుర్రవాడు బయటినుంచి వచ్చేవాడి మీదికి దూకి మధ్య దారి వదిలేస్తే రెండు సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. క్యాంపులో అద్భుతంగా పరిగెత్తిన కొత్త కుర్రవాడు సెప్టెంబరులో బెంచీ మీద కనిపిస్తే కోచ్‌ని తిట్టే ముందు ఇది చూడండి. కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఇక సగటు. ఒక క్యారీకి (బంతి పట్టుకుని ఒకసారి పరిగెత్తితే) ఇన్ని యార్డులు అనే అంకె నోటికి తేలిగ్గా వస్తుంది, అందుకే అందరూ అదే వాడతారు. కానీ రెండోవాళ్ళ విషయంలో అది బాగా మోసం చేస్తుంది. 20 క్యారీలకు 80 యార్డులైతే సగటు నాలుగు. ఇంకొక్క క్యారీలో 60 యార్డులు దొరికాయనుకోండి, సగటు ఒక్కసారిగా దాదాపు 6.7 అవుతుంది. మనిషి మారలేదు, ఒక్క ఆటలో ఒక్క సందు దొరికింది. కాబట్టి తక్కువ క్యారీలున్నవాడి లెక్క తీసుకుంటే, అతని అతి పొడవైన పరుగు తీసేసి మిగిలినది చూడండి. ఇంకా మెరుగైనది సక్సెస్ రేట్. మొదటి డౌన్‌లో కావాల్సిన దూరంలో 40 శాతం, రెండో డౌన్‌లో 60 శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం దూరం వస్తే ఆ క్యారీ ఫలించినట్టు. కాగితం మీద టిక్ పెట్టుకుంటూ ఎవరైనా లెక్కించొచ్చు.

కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ టోనీ పొలార్డ్ విషయం గుర్తు చేసుకోండి. 2022లో అతను ఎజెకీల్ ఎలియట్‌తో పని పంచుకున్నాడు. పొలార్డ్‌కి 193 క్యారీల్లో 1,007 యార్డులు, సగటు 5.2. ఎలియట్‌కి 876 యార్డులు, సగటు 3.8. ఆ ఏడాది డాలస్‌లో ఏ తెలుగింటికెళ్ళినా ఒకటే మాట: "పొలార్డ్‌కి ఇచ్చేయండి, అన్నీ ఇచ్చేయండి." 2023 మార్చిలో ఎలియట్‌ని వదిలేశారు, పొలార్డ్‌కి ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఇంకో ఏడాది జట్టులోనే ఉంచే ఒప్పందం) ఇచ్చి మొదటివాడిని చేశారు. ఆ ఏడాది 252 క్యారీల్లో 1,005 యార్డులు. సగటు 4.0. దాదాపు 60 క్యారీలు ఎక్కువ ఇస్తే రెండు యార్డులు తగ్గాయి. ఆ సీజన్‌కి ముందు, 2023 జనవరిలో, ఫార్టీనైనర్స్‌తో ప్లేఆఫ్ ఆటలో కాలి ఎముక విరిగిన సంగతి ఉంది, అది న్యాయంగా లెక్కలోకి తీసుకోవాలి. అయినా పాఠం స్పష్టం: పంచుకున్న పనిలో వచ్చిన సగటుని పూర్తి పనికి గుణించకూడదు. క్రికెట్‌లో చివరి మూడు ఓవర్లకు దిగి బాదేవాడి స్ట్రైక్ రేట్ చూసి అతన్ని ఓపెనర్‌ని చేయమన్నట్టు ఉంటుంది అది.

పరుగులో లైన్ వాటా ఎంత, మనిషి వాటా ఎంత అనేది ఎప్పటికీ తెగని వాదన. అయినా ఒక్క ఉదాహరణ నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, అది కౌబాయ్స్ అభిమానులకు ఇప్పటికీ నొప్పే. 2018లో సి.జె. ఆండర్సన్ అనే రన్నింగ్ బ్యాక్‌ని పాంథర్స్ వదిలేశారు, తర్వాత రైడర్స్ కూడా వదిలేశారు. తమ మొదటి రన్నింగ్ బ్యాక్ టాడ్ గర్లీ మోకాలు ఇబ్బంది పెడుతుంటే డిసెంబరులో రామ్స్ అతన్ని తీసుకున్నారు. సీజన్ చివరి రెండు ఆటల్లో 167, 132 యార్డులు. తర్వాత జనవరిలో ప్లేఆఫ్‌లో కౌబాయ్స్ మీద 123 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. అదే రోజు గర్లీకి 115. జట్టు మొత్తానికి 273. ఎవరికీ అక్కర్లేని మనిషి, ఆ ముందు వేసవిలోనే దాదాపు 60 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు తీసుకున్న మనిషి, ఇద్దరూ ఒకే సందుల్లోంచి ఒకేలా పరిగెత్తారు. రన్నింగ్ బ్యాక్‌కి పెద్ద డబ్బు ఇవ్వమని ఎవరైనా అంటే నేను ఈ ఆట చూడమంటాను.

ప్రీసీజన్ (సీజన్ ముందు జరిగే సన్నాహక ఆటలు) చూసి మనసు పారేసుకోవద్దు. 2023లో కౌబాయ్స్ డ్యూస్ వాన్ అనే రన్నింగ్ బ్యాక్‌ని డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళ ఎంపిక) ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. ఐదడుగుల ఐదంగుళాల కుర్రవాడు, తండ్రి కౌబాయ్స్‌లోనే స్కౌట్ (కొత్త ఆటగాళ్ళను వెతికేవాడు). కొడుకుని తీసుకుంటున్నామని తండ్రే ఫోన్ చేసి చెప్పిన ఆ వీడియో చూసి కన్నీళ్ళు పెట్టుకోనివాళ్ళు తక్కువ. ఆగస్టులో అతను పక్కలకి తప్పుకుంటూ పరిగెడుతుంటే మా తమ్ముడు "అన్నా, ఇతనే మన రెండోవాడు, రాసి పెట్టుకో" అన్నాడు. అసలు సీజన్‌లో అతనికి వచ్చింది 23 క్యారీలు, 40 యార్డులు. ప్రీసీజన్ రెండో సగంలో అటువైపు ఆడేవాళ్ళలో చాలామంది వారం తర్వాత ఏ జట్టులోనూ ఉండరు. అందుకే పరుగుతో పాటు అది ఎవరి మీద వచ్చిందో కూడా చూడాలి. ప్రీసీజన్‌లో నేను నమ్మేది మొదటి క్వార్టర్‌లో, మొదటి వరుస లైన్ వెనక ఎవరిని దింపారన్న సంగతి. కోచ్ మనసులో మాట అక్కడ బయటపడుతుంది.

మూడో రన్నింగ్ బ్యాక్ సంగతి వేరే. 53 మందిలో ఆట రోజు డ్రెస్ వేసుకునేది గరిష్ఠంగా 48 మంది, అదీ ఎనిమిది మంది ఆఫెన్సివ్ లైన్‌మన్లు ఉంటేనే. లేకపోతే 47. మూడో రన్నింగ్ బ్యాక్ ఆ జాబితాలోకి రావాలంటే బంతిని తన్ని అవతలివాళ్ళకిచ్చే కికాఫ్ జట్టులోనో పంట్ జట్టులోనో పరిగెత్తి ట్యాకిల్ చేయాలి. 2024లో కికాఫ్ నియమాలు మారాక రిటర్న్‌ల (తన్నిన బంతిని పట్టుకుని ఎదురు పరిగెత్తడం) విలువ పెరిగింది. కానీ డాలస్‌లో ఆ పని కవాంటె టర్పిన్ చేస్తాడు. కాబట్టి "ఇతను రిటర్న్ కూడా చేస్తాడు" అనే మాట వేరే ఊళ్ళో బలమైన వాదన, ఇక్కడ కాదు. అలాగే ఫుల్‌బ్యాక్ హంటర్ లూప్కీ బంతి పడతాడు, అడ్డుకుంటాడు, స్పెషల్ టీమ్స్‌లో (ఈ తన్నే ఆటల జట్లలో) ఆడతాడు. అతను ఒక చోటు తీసుకున్నాడంటే రన్నింగ్ బ్యాక్‌లకు ఒకటి తగ్గినట్టే. ప్రతి జట్టుకీ ఇలాంటి లెక్క వేరుగా ఉంటుంది.

ఇప్పుడు కాగితాల పని. ఇది తెలియకపోవడం వల్లే సగం గొడవలు. జట్టు ఒకరిని తీసేస్తే అతనికి నాలుగు సీజన్ల అనుభవం లేకపోతే వేవర్స్‌లోకి వెళ్తాడు. మిగతా 31 జట్లలో ఎవరైనా 24 గంటల్లో అడగొచ్చు. ఇద్దరు అడిగితే కిందటేడు వెనకబడిన జట్టుకి ముందు హక్కు. సీజన్ మొదలైన మూడు వారాల తర్వాత ఈ ఏడాది స్థానాల ప్రకారం చూస్తారు. అనుభవం ఉన్నవాడైతే నేరుగా స్వేచ్ఛ, ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడానికి ఆఖరి రోజు) దాటాక మాత్రం అందరూ వేవర్స్ గుండానే వెళ్ళాలి. దీనివల్ల ఆగస్టులో ఒక చిత్రం జరుగుతుంది: అనుభవజ్ఞుడైన రెండో రన్నింగ్ బ్యాక్‌ని మంగళవారం తీసేస్తారు, పోగొట్టుకోకూడదనుకున్న కుర్రవాడిని ఉంచుతారు. తర్వాత దెబ్బ తగిలినవాళ్ళను 53లో లెక్కకు రాని ఇంజర్డ్ రిజర్వ్ జాబితాలో పెట్టి చోటు ఖాళీ చేసి, పెద్దాయన్ని మళ్ళీ పిలుస్తారు. మంగళవారం సాయంత్రం జాబితా చూసి ఏడవకండి. బుధవారం ఉదయం 11కి వేవర్స్ తేలేదాకా, ఆ తర్వాత ఇంకో రోజు రెండు రోజులు ఆగండి.

వేవర్స్‌లో ఎవరూ అడగని కుర్రవాడు 53కి బయట ఉండే 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి రావచ్చు. ఆట కోసం వారానికి ఇద్దరిని అక్కడి నుంచి పైకి తేవచ్చు. ఒకే మనిషిని మాత్రం సీజన్‌లో మూడుసార్లే. నాలుగోసారి కావాలంటే 53లో చోటివ్వాలి. 2024 అక్టోబరులో ఫార్టీనైనర్స్ ఆటకి డాల్విన్ కుక్‌ని ఇలాగే పైకి తెచ్చారు. ఆ రోజు మొదటి రన్నింగ్ బ్యాక్ రీకో డౌడిల్ జబ్బుతో ఆడలేకపోయాడు. వేరే జట్టు మీ ప్రాక్టీస్ స్క్వాడ్ ఆటగాడిని తీసుకోవాలంటే తన 53లో పెట్టి కనీసం మూడు వారాలు ఉంచుకోవాలి, అందుకే దొంగతనాలు మనం భయపడినంత ఎక్కువ జరగవు. "తీసేస్తే పోతాడు" అనేవాళ్ళకు ఇదే నా జవాబు.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్తాను. తీసేస్తే ఎంత మిగులుతుంది, ఎంత భారం అలాగే ఉండిపోతుంది అని రెండూ అడగాలి. ఎలియట్ 2019లో ఆరేళ్ళకు 90 మిలియన్ల కాంట్రాక్టు చేసుకున్నాడు. 2023లో అతన్ని వదిలేస్తే దాదాపు 11 మిలియన్లు మిగిలాయి. కానీ ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ ఆరేసి మిలియన్ల దాకా జట్టు జీతాల పరిమితిలో అతని పేరు మీదే లెక్కలో ఉండిపోయాయి.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూడాలంటే డౌడిల్ విషయం తీసుకోండి. 2020లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రవాడు. 2024లో పొలార్డ్ వెళ్ళిపోయాక ఎలియట్‌ని వెనక్కి తెచ్చారు. కానీ ఎలియట్‌కి 226 యార్డులే వచ్చాయి, సీజన్ ముగిసేలోపే వదిలేశారు. పని మొత్తం చేసింది డౌడిల్, 1,079 యార్డులతో. అయినా 2025లో అతన్ని పాంథర్స్‌కి వెళ్ళనిచ్చి జావాంటె విలియమ్స్ అనే రన్నింగ్ బ్యాక్‌ని ఒక ఏడాదికి తెచ్చారు. ఇద్దరివీ చిన్న కాంట్రాక్టులే. పాంథర్స్ మొదటివాడు చూబా హబ్బర్డ్‌కి దెబ్బ తగలడంతో అక్టోబరులో డౌడిల్ దిగాడు. అక్టోబరు 5న డాల్ఫిన్స్ మీద 206 యార్డులు. 12న కౌబాయ్స్ మీదే 183. ఆట 30-27తో పోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

తమ్ముడు ఇప్పటికీ అది పెద్ద తప్పంటాడు. నేనొప్పుకోను. విలియమ్స్ కూడా ఆ సీజన్‌లో వెయ్యి దాటాడు, క్వార్టర్‌బ్యాక్‌ని బాగా కాపాడాడు, అడిగిన ధర చిన్నది. మార్చిలో తెలిసిన సంగతులతో అది సరైన నిర్ణయమే. నా కోపం రెండో చోటు మీద. మైల్స్ శాండర్స్ నాలుగు ఆటలాడి దెబ్బతో ఆగిపోయాడు. ఐదో రౌండ్ కుర్రవాడు జేడన్ బ్లూకి మొదటి వారాల్లో డ్రెస్ కూడా ఇవ్వలేదు. చివరికి విలియమ్స్ వెనక నిలబడింది ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి వచ్చిన మాలిక్ డేవిస్. డౌడిల్, విలియమ్స్ ఇద్దరినీ ఉంచుకోవడానికి అప్పుడు డబ్బూ ఉంది, చోటూ ఉంది. తీసేయాల్సిన పేరు అడుగుతారా? శాండర్స్.