ఫ్రాంకింగ్ మెషీన్ పార్శిల్ వేసే ముందు

మా నల్గొండ ఆఫీసు ఫ్రాంకింగ్ మెషీన్‌ను (కవర్ల మీద స్టాంపుకు బదులు తపాలా ముద్ర కొట్టేది) రిపేరుకని హైదరాబాద్ పంపినప్పుడు ఇంకు కార్ట్రిడ్జ్ తీయడం మర్చిపోయాను. దారిలో కారి, లోపల రోలర్లన్నీ ఎర్రగా అయిపోయాయి. అందుకే ముందు కార్ట్రిడ్జ్ తీసి జిప్ కవర్లో పెట్టండి. ఊడే ట్రేలుంటే విడిగా చుట్టండి. పాత పేపర్లు కుక్కితే మెషీన్ బరువుకు అణిగిపోతాయి, థర్మాకోల్ ముక్కలే నయం. పెట్టెను ఊపి చూడండి, లోపల చప్పుడు రాకూడదు.

సరుకుతో పాటు పంపే చలాన్‌లో ఊరికే ‘ఆఫీసు సామాను’ అని రాయకండి. ఫ్రాంకింగ్ మెషీన్‌కు హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్టీలో సరుకు రకాన్ని తెలిపే కోడ్) 8470, ఉత్తరాలు మడిచి కవర్లో పెట్టే మెషీన్‌కు 8472. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) తీయాలి. రిపేరుకే కదా, అమ్మకం కాదు కదా అనుకుంటాం. అయినా తీయాల్సిందే.