వికారాబాద్ వైపు పొలంలో ఇల్లు కడుతున్నారా?
ప్లాన్ గీయించే ముందు ఒక వానాకాలం ఆగి, మీ పొలంలో నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయో చూడండి. ఆ దారిలో పునాది వేయొద్దు, దాని చివర చిన్న కుంట తవ్వించండి. ఇల్లు తూర్పు పడమరలకు పొడవుగా ఉండాలి. పడమటి ఎండతోనే అసలు గొడవ, అందుకే అటు స్టోర్‌రూమ్, బాత్రూమ్ పెట్టి, బయట వేప, కానుగ నాటండి. గోడలకు ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్ అడగండి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో బాగా వాడిన పద్ధతి ఇది, ఇటుకలు 20 నుంచి 25 శాతం దాకా ఆదా, లోపలి గాలి వల్ల వేడి కూడా తగ్గుతుంది. మేస్త్రీ గొణుగుతాడు, గొణగనివ్వండి. తాండూరు బండలు పక్కనే దొరుకుతుంటే ఇటాలియన్ మార్బుల్ ఎందుకు చెప్పండి? లాన్ మాత్రం వద్దు, ఎండాకాలం బోరు నీళ్లన్నీ దానికే పోతాయి.