పిత్తాశయం తీసేశాక అరుగుదల తిప్పలు: ఏ లక్షణానికి ఏ మందు?

విశాఖలోనో బరంపురంలోనో ఆపరేషన్ చేయించుకుని ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చేరినవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకే అదే గోల: తిన్నది అరగట్లేదు. షాపులో ఎంజైమ్ సిరప్ చేతిలో పెడతారు. సీసా తిప్పి చూస్తే తరచుగా కనిపించేవి డయాస్టేజ్, పెప్సిన్. ఒకటి పిండిపదార్థాన్ని, రెండోది మాంసకృత్తుల్ని అరిగిస్తుంది. మనకొచ్చిన చిక్కేమో కొవ్వుతో!

తినగానే నీళ్ల విరేచనాలు
కొవ్వు అరగడానికి సాయపడే పసరుని (పిత్తరసం) కాలేయం ఎప్పటిలాగే తయారుచేస్తుంది. దాచుకునే సంచి లేక అది రోజంతా పేగుల్లోకి కారుతూనే ఉంటుంది. పెద్దపేగుకి ఎక్కువ చేరితే విరేచనాలు పట్టుకుంటాయి. ముందు ఇసబ్‌గోల్ వాడి చూడండి: ఒక చెంచా, నిండు గ్లాసు నీళ్లలో. కలిపిన వెంటనే తాగేయాలి, అటూ ఇటూ తిరిగొస్తే గ్లాసులోనే జిగురుముద్ద అయిపోతుంది. తగ్గకపోతే డాక్టర్ కొలెస్టిరమైన్ పొడి రాయొచ్చు. అది పసరుతోపాటు వేరే మాత్రల్నీ పట్టేసుకుంటుంది. అందుకే మిగతా మందులు దానికి గంట ముందో, 4 నుంచి 6 గంటల తర్వాతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకైతే ముందైనా 4 గంటల ఎడం ఉండాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే ఎద్దు పసరు క్యాప్సూళ్లు ఈ దశలో వేసుకుంటే అగ్నికి ఆజ్యం పోసినట్టే.

జిడ్డుగా తేలే మలం
కొవ్వు అరగట్లేదని అర్థం. పొద్దున బరా (మినప గారె), మధ్యాహ్నం ఆవనూనె ఓడే చేపల పులుసు అంటే కష్టం; నూనె తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. పసరు క్యాప్సూళ్లకు ఏమైనా అర్థముంటే ఇక్కడే, అదీ డాక్టర్ చెబితేనే. బరువు కూడా తగ్గుతుంటే క్లోమం (పాంక్రియాస్) పరీక్ష చేయించాలి. లోపం అక్కడుంటే కొవ్వుని అరిగించే లైపేజ్ ఉన్న పాంక్రియాటిన్ అనే ఎంజైమ్ మందు రాస్తారు, మొదటి ముద్దతోనే వేసుకోవాలి.

ఉబ్బరం
నింద పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) మీద పడుతుంది, పక్కన నంజుకున్న వేపుడు తప్పించుకుంటుంది. ముందు వేపుడు మానండి.

పసరు రాళ్లు ఇంకా ఉంటే
ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పడే ఆకుపచ్చ ఉండలు రాళ్లు కావు, ఆ నూనే సబ్బులా గడ్డకట్టినవి. ఏ ఎంజైమూ రాయిని కరిగించదు. ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లం అనే మందు పనిచేసేది చిన్న కొలెస్టరాల్ రాళ్ల మీదే, దానికీ నెలలు పడుతుంది.

కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం, పచ్చబడ్డ కళ్లు కలిసొస్తే పసరు నాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు, పిత్తాశయం తీసేసినా సరే. సిరప్ తాగి తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి.