లా సీటుకు దరఖాస్తులు: జాబితాను కింది నుంచి రాయండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ప్లస్ టూ చదువుతున్న పిల్లలు లా వైపు వెళ్లాలనుకుంటే, వారి ముందు ఇటు ఒడిశా దారులూ అటు ఆంధ్ర దారులూ ఉంటాయి. కానీ ఆ రెండు రాష్ట్రాల నిబంధనలు వారిని ఒకే కంటితో చూడవు. అందువల్ల విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల పిల్లల జాబితాను ఎత్తి రాసుకుంటే మన పిల్లలకు సరిపోదు.

నిరుడు వినాయక చవితి వెళ్లిన వారంలో మా వీధిలోని ఒక అమ్మాయి నోటుపుస్తకం తెచ్చి, "మామయ్యా, ఒకసారి చూసి చెప్పండి" అంది. బెంగళూరు, హైదరాబాదు, కోల్‌కతా, జోధ్‌పూర్ అంటూ ఏడు పేర్లు వరుసగా రాసి, ఏడో పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసింది. ఏడూ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో మొదటి వరుసవే. ఆ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ కోసం తాను రాసిన మాదిరి పరీక్షల్లో మాత్రం 120కి 60 నుంచి 70 మార్కుల మధ్య వస్తున్నాయి. వీటిలో ఏదీ రాకపోతే ఏమిటని అడిగితే, "అప్పుడు చూద్దాం" అంది. ఆ ఎర్ర గీత కింద రాయవలసిన పేర్లనే ముందుగా తేల్చుకోవాలని నేను ఆ పిల్లకు చెప్పాను. ఇక్కడా అదే చెబుతున్నాను.

జాబితాను కింది నుంచి, అంటే ముందు భద్రమైన వరుస, తర్వాత మధ్య వరుస, చివరికి పై వరుస అన్న క్రమంలో కట్టాలి. మొదటి పేరు దాదాపు తప్పకుండా సీటు వచ్చేదీ, వస్తే మనస్ఫూర్తిగా చేరగలిగేదీ అయి ఉండాలి. ఈ రెండో షరతును చాలామంది వదిలేస్తారు. చేరడానికి ఇష్టం లేని కళాశాల పేరును కేవలం ధైర్యం కోసం రాసుకుంటే అది భద్రమైన సీటు కాదు. మన జిల్లాల వారికి బరంపురంలోని లింగరాజ్ లా కాలేజీ, కటక్‌లోని మధుసూదన్ న్యాయ విశ్వవిద్యాలయం, భువనేశ్వర్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయపు లా కళాశాల పరిశీలించదగినవి. వీటి ఫీజులు జాతీయ విశ్వవిద్యాలయాల ఫీజుల్లో చిన్న భాగమే. ఏ ప్రైవేటు కళాశాల పేరు రాసినా, దానికి ఆ సంవత్సరానికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోవాలి; అది లేని డిగ్రీతో న్యాయవాదిగా నమోదు కావడం కుదరదు.

ఆంధ్ర వైపు దారి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ లా కళాశాలకు ఆంధ్ర రాష్ట్రపు లా ప్రవేశ పరీక్ష లాసెట్ ద్వారా వెళ్లాలి. ఆ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు, 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కులు పోవు. ఇవన్నీ చూసి ఇదే మనకు సులువైన దారి అనిపిస్తుంది. అయితే అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి, స్థానికత తేలేది ఎక్కడ చదివాం, ఎక్కడ నివసించాం అన్నదాన్ని బట్టి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన, తాతగారి ఊరు ఇచ్ఛాపురమో టెక్కలియో అయినంత మాత్రాన పన్నెండో తరగతి దాకా ఒడిశాలో చదివిన బిడ్డ స్థానికుడు కాడు. మిగిలిన సీట్లకూ తల్లిదండ్రుల నివాసం, ఉద్యోగం వంటి షరతులుంటాయి. కులధ్రువీకరణ పత్రం సంగతీ అంతే: ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రంతో మరో రాష్ట్రపు రిజర్వేషన్ సాధారణంగా దక్కదు. కాబట్టి లాసెట్‌ను భద్రమైన వరుసలో కాక మధ్య వరుసలో రాసుకోవడం మంచిది.

మధ్య వరుసకు ప్రధానమైనది క్లాట్. ఇది ఇంగ్లీషులోనే ఉంటుంది: 120 ప్రశ్నలు, రెండు గంటలు, ఒక్కో తప్పుకు పావు మార్కు కోత. కటక్‌లోని ఒడిశా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఒడిశా నివాసులకు కొన్ని సీట్లు ప్రత్యేకించారు. మన పిల్లలకు నిజంగా కలిసొచ్చే స్థానికత ఇదే. విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం కూడా క్లాట్ ద్వారానే, కానీ అక్కడ మన పిల్లలు అఖిల భారత సీట్లకే పోటీ పడాలి. ఏ విశ్వవిద్యాలయానికైనా గత రెండు మూడేళ్లలో మీ వర్గానికి చివరి విడతలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ముగిశాయో రాసుకుని, మీ మాదిరి పరీక్షల్లో ఒక్కసారి వచ్చిన గొప్ప మార్కును కాక, చివరి ఐదారు పరీక్షల సగటును దాని పక్కన పెట్టి చూడండి.

పై వరుసలో రెండు మూడు పేర్లు చాలు. బెంగళూరులో ఓపెన్ విభాగం సీట్లు సుమారు మొదటి వంద ర్యాంకుల దగ్గరే అయిపోతాయి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఐలెట్ అనే వేరే పరీక్ష ఉంది. ఆశను తగ్గించుకోమని నేను అనను: బరంపురంలో పుట్టిన వి. వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ దాకా వెళ్లారు.

ఇక భాష. జడ్జి ఉద్యోగాలకు పెట్టే ఒడిశా న్యాయసేవ పరీక్షకు ఒడియా చదవడం, రాయడం రావాలి. ఇక్కడి కింది కోర్టుల్లో కాగితాలు ఎక్కువగా ఆ భాషలోనే ఉంటాయి. అయితే 1936కు ముందు ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి పాత దస్తావేజులు కొన్ని తెలుగులో ఉన్నాయి. గొలుసుకట్టు రాతలో "సదరు భూమికి తూర్పున గెడ్డ" అంటూ సాగే ఆ కాగితాన్నీ, దాని పక్కన పెట్టిన ఒడియా పట్టానూ రెండూ చదవగలిగిన న్యాయవాది అవసరం పర్లాకిమిడిలో ఇప్పటికీ ఉంది. ఇక్కడే ప్రాక్టీసు చేయాలనుకునే బిడ్డకు కటక్, బరంపురం పేర్లు జాబితాలో పైకి రావడం న్యాయమే.

క్లాట్ కౌన్సెలింగ్‌లో ప్రాధాన్య క్రమం ఒకసారి తప్పుగా ఇస్తే, పైన రాసినది దక్కగానే కింద ఉన్నవి చేజారిపోతాయి. పేరు చూసి కాక, రెండూ వస్తే దేనిలో చేరతారో చూసి వరుస పెట్టండి. ఇటీవలి సంవత్సరాల్లో కౌన్సెలింగ్ నమోదుకే 30,000 రూపాయలు, రిజర్వేషన్ వర్గాలకు 20,000 కట్టించుకున్నారు. ఆ డబ్బును ముందే పక్కన పెట్టుకోవాలి. తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం, కులపత్రం ఫలితాల దాకా ఆగకుండా దసరాలోపే తీసుకోండి. అందులో బిడ్డ పేరు అక్షరాలు పదో తరగతి మార్కుల పత్రంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి సరిచూసుకోండి; తెలుగు ఇంటిపేర్లు ఒడియా కాగితాల్లోకి వెళ్లేటప్పుడు తరచుగా రూపం మారతాయి.