తొలితరం హెచ్‌డీ టీవీలో పెద్ద టోర్నమెంట్లు చూడటం ఎలా

పెద్ద టోర్నమెంటును హెచ్‌డీలో చూడదలచుకున్నవారు మొదటి మ్యాచ్‌కు కనీసం వారం రోజుల ముందే టీవీ వెనక్కి వెళ్లి తీగలు చూసుకోవాలి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. కొత్త ఫ్లాట్ టీవీ, కొత్త హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు పెట్టుకొని కూడా ఒక టోర్నమెంటు లీగ్ దశను సగం దాకా పాత పసుపు తీగ మీదే చూశాను. ఛానెల్ పేరు పక్కన హెచ్‌డీ అని కనిపిస్తోంది కనుక బొమ్మ కూడా హెచ్‌డీయే అనుకున్నాను. బిగించడానికి వచ్చిన మనిషి అన్నీ చూసే వెళ్లి ఉంటాడన్న ధీమా ఒకటి. తీరా వెతికితే హెచ్‌డీ బొమ్మను మోసే హెచ్‌డీఎంఐ తీగ సీలు కూడా తీయని ప్లాస్టిక్ సంచిలో, బాక్సు వచ్చిన అట్టపెట్టె అడుగున పడి ఉంది.

మైదానంలోని కెమెరా నుంచి మన కంటి దాకా హెచ్‌డీ బొమ్మ వచ్చే దారిని పంట కాలువతో పోల్చవచ్చు. పైన ఎంత నీరు వదిలినా మధ్యలో ఒక్క తూము మూసుకుపోతే చివరి మడికి చేరేది సన్నని ధారే. తొలితరం హెచ్‌డీ సేవలలో ఇటువంటి తూములు చాలా ఉండేవి, ఆ కాలపు టీవీలు, బాక్సులు ఇంకా వాడుతున్నవారికి ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ రావడమే మనం చేయవలసిన పని.

అన్నిటికన్నా ముందు, కెమెరా దగ్గర ఏముందో తెలిసి ఉండాలి. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే హెచ్‌డీ పరిశోధన మొదలుపెట్టింది. 1990 ఇటలీ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో కొన్ని మ్యాచ్‌లను ఆ దేశపు ప్రసార సంస్థ రాయ్ ప్రయోగాత్మకంగా డిజిటల్ హెచ్‌డీలో ఉపగ్రహం ద్వారా పంపి, ఎంపిక చేసిన ప్రదర్శనశాలల్లో చూపింది. ఇంట్లో కూర్చుని చూసేవారికి మాత్రం అసలు కథ చాలా ఆలస్యంగా మొదలైంది. 2002 సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌ను అమెరికాలో హెచ్‌డీలో చూసినవారు ఒక రోజు ఆలస్యంగా చూడవలసి వచ్చింది. ఫలితం అప్పటికే పేపర్లలో వచ్చేసేది. 2006లో జర్మనీలో జరిగిన ప్రపంచకప్‌లో మొత్తం 64 మ్యాచ్‌లనూ హెచ్‌డీలో తీశారు. బ్రిటన్‌లో ఉపగ్రహ టీవీ సంస్థ స్కై వారి హెచ్‌డీ సేవ ఆ పోటీలకు 18 రోజుల ముందు, మే 22న మొదలవడం యాదృచ్ఛికం కాదు. పూర్తిగా హెచ్‌డీలో తీసిన తొలి ఒలింపిక్స్ 2008 బీజింగ్‌వి. కాబట్టి అంతకుముందరి ఒలింపిక్స్ రికార్డింగు ఏదైనా హెచ్‌డీ పేరుతో దొరికితే, అది మామూలు బొమ్మను సాగదీసి ఇచ్చినదేమోనని ఒకసారి అనుమానించడం మంచిది.

ఆ అనుమానం తీర్చుకోవడానికి దగ్గరి షాట్లు పనికిరావు. ఆటగాడి ముఖం తెర నిండా ఉన్నప్పుడు సాధారణ ప్రసారం కూడా బాగానే కనబడుతుంది. మైదానమంతా కనిపించే దూరపు షాట్ కోసం ఆగి గోల్ వెనక వల చూడండి. వలలో గళ్లు విడివిడిగా కనిపిస్తూ, వెనక కూర్చున్న జనంలో తలలు వేరుపడుతుంటే అది నిజమైన హెచ్‌డీ. వల పొగమంచులా, జనం రంగుల ముద్దలా ఉంటే దారిలో ఎక్కడో ఏదో మూసుకుపోయినట్టే. ఒకే ప్రసారంలో మైదానం హెచ్‌డీలోను, స్టూడియో చర్చ మామూలు కెమెరాతోను రావడం ఆ రోజుల్లో సాధారణమే కనుక స్టూడియో బొమ్మను చూసి తీర్పు చెప్పకూడదు.

ఇక తీగల సంగతి. పసుపు, ఎరుపు, తెలుపు మొనలున్న మూడు తీగల జత గాని, యూరప్ టీవీలకు ఉండే వెడల్పాటి స్కార్ట్ తీగ గాని హెచ్‌డీ బొమ్మను మోయలేవు. బాక్సు వాటికి మామూలు బొమ్మనే అందిస్తుంది. హెచ్‌డీఎంఐ వాడాలి, లేదా ఆకుపచ్చ, నీలం, ఎరుపు మొనలుండే కాంపోనెంట్ తీగలు వాడాలి. కాంపోనెంట్ తీగలు బొమ్మను మాత్రమే మోస్తాయి, ధ్వనికి వేరే ఎరుపు, తెలుపు తీగలు కావాలి. అంటే రెండు ఎరుపు మొనలుంటాయి. చీకట్లో చేయి పెట్టి బిగిస్తే అవి తారుమారై ఆటగాళ్ల ముఖాలు ఆకుపచ్చగా మారతాయి. టీవీ పాడైందని కంగారుపడకుండా మొనలు మార్చి చూడండి.

2005 జనవరిలో యూరప్‌లో ప్రవేశపెట్టిన హెచ్‌డీ రెడీ ముద్రను చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. కనీసం 720 అడ్డగీతలతో బొమ్మ చూపే వెడల్పాటి తెర, కాంపోనెంట్ తీగ గుచ్చే చోటు, హెచ్‌డీసీపీ అనే నకలు నిరోధక ఏర్పాటుతో కూడిన హెచ్‌డీఎంఐ లేదా డీవీఐ (హెచ్‌డీఎంఐకి ముందరి డిజిటల్ తీగ) గుచ్చే చోటు ఉన్నాయని మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. టీవీలోనే హెచ్‌డీ ప్రసారాన్ని అందుకునే ట్యూనర్ ఉందని గాని, 1080 గీతలు ఉన్నాయని గాని చెప్పదు. ఆ ముద్ర రాకముందు కొన్న సెట్లలో డీవీఐ ఉన్నా హెచ్‌డీసీపీ లేనివి ఉన్నాయి. వాటికి బాక్సు తగిలిస్తే తెర నల్లబడుతుంది, లేదా ఒక హెచ్చరిక వాక్యం కనిపిస్తుంది. అటువంటి టీవీకి సాధారణంగా కాంపోనెంట్ తీగలే దిక్కు.

తీగ మారిస్తే సరిపోదు, బాక్సు మెనూలో వీడియో అవుట్‌పుట్ కూడా మార్చాలి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. 1080ఐ ప్రసారంలో బొమ్మకు 1,920 నిలువు వరుసలు, 1,080 అడ్డగీతలు ఉంటాయి గాని, ఒక్క విడతలో సగం గీతలే వస్తాయి. ఒకసారి బేసి గీతలు, మరొకసారి సరి గీతలు వస్తుంటే వాటిని కలిపి పూర్తి బొమ్మ చేసే భారం టీవీ మీద పడుతుంది. 720పీలో వరుసలు 1,280, గీతలు 720 మాత్రమే అయినా ప్రతిసారీ పూర్తి బొమ్మ వస్తుంది. వేగంగా కదిలే ఆటకు ఏది మేలన్న విషయంలో ప్రసార సంస్థలే ఏకాభిప్రాయానికి రాలేదు: అమెరికాలో ఏబీసీ, ఈఎస్‌పీఎన్, ఫాక్స్ 720పీని ఎంచుకోగా ఎన్‌బీసీ, సీబీఎస్ 1080ఐ వైపు వెళ్లాయి. నా మట్టుకు నాకు, బంతి వెంట కెమెరా పరుగెత్తే ఆటలకు 720పీయే హాయిగా ఉంటుంది. అయితే ప్రసారం ఏ రూపంలో రావాలన్నది మన చేతుల్లో లేదు. బాక్సు నుంచి టీవీకి ఏ రూపంలో పంపాలన్నదే మన చేతుల్లో ఉంది.

తొలితరం ఎల్‌సీడీ టీవీలలో ఎక్కువ వాటికి 1,366 వరుసలు, 768 గీతలు ఉండేవి. 42 అంగుళాల ప్లాస్మాలు చాలావాటికి 1,024 వరుసలే. ప్రసారం ఏ రూపంలో వచ్చినా వీటి మీద సాగకో కుదించకో తప్పదు. ఆ పని బాక్సు బాగా చేస్తుందా, టీవీ బాగా చేస్తుందా అన్నది చూస్తేనే తెలుస్తుంది. బాక్సును ముందు 1080ఐలో పెట్టి, కెమెరా పక్కకు తిరుగుతున్నప్పుడు మైదానం అంచున ఉన్న తెల్లని గీతను గమనించండి. గీత రంపపు పళ్లలా విరుగుతుంటే మీ టీవీకి సగం బొమ్మలను కలపడం సరిగా రాదని అర్థం. అప్పుడు 720పీకి మార్చి అదే గీతను మళ్లీ చూడండి. ఆగిపోయిన బొమ్మ మీద ఈ పరీక్ష చేస్తే తేడా తెలియదు.

టీవీ సెట్టింగులలో మార్చవలసినవి కొన్నే. దుకాణపు వెలుగులో మెరవడానికి పెట్టిన డైనమిక్ మోడ్ తీసేసి స్టాండర్డ్ లేదా సినిమా మోడ్ పెట్టాలి. లేకుంటే గడ్డి ప్లాస్టిక్ రంగులో మెరుస్తుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. తెర అంచుల్లో బొమ్మను కొంత కోసేసే ఓవర్‌స్కాన్ అనే అలవాటు పాత టీవీల నుంచి వీటికీ వచ్చింది, దానిని ఆపే ఎంపిక మెనూలో జస్ట్ స్కాన్ వంటి పేర్లతో ఉంటుంది. స్కోరు పట్టీ మూలకు కాక బాగా లోపలికి ఉందని కొందరు ఓవర్‌స్కాన్‌ను అనుమానిస్తారు గాని దానికి కారణం వేరు: చతురస్రానికి దగ్గరగా ఉండే పాత తెరల మీద కూడా స్కోరు కోతకు గురికాకూడదని ప్రసార సంస్థలు దానిని మధ్య భాగంలోనే ఉంచేవి.

కూర్చునే దూరం చాలామంది పట్టించుకోని విషయం. 1080 గీతల వివరం పూర్తిగా తెలియాలంటే తెర ఎత్తుకు దాదాపు మూడు రెట్ల దూరంలో ఉండాలి. 42 అంగుళాల తెర ఎత్తు 20 అంగుళాల పైచిలుకు. అంటే సుమారు 5 అడుగులు. 32 అంగుళాల టీవీని 10 అడుగుల దూరం నుంచి చూస్తూ హెచ్‌డీకి మామూలు ఛానెల్‌కు తేడా లేదని ఫిర్యాదు చేసేవారి కళ్లలో లోపమేమీ లేదు, కుర్చీ ముందుకు జరపాలి, అంతే.

ఉపగ్రహ ప్రసారమైతే బాక్సు మెనూలో సిగ్నల్ క్వాలిటీని హెచ్‌డీ ఛానెల్ మీద ఉండగానే చూడాలి. మామూలు ఛానెళ్లు నిక్షేపంగా వస్తున్నా హెచ్‌డీ ఛానెల్ బొమ్మ గళ్లుగళ్లుగా చెదరవచ్చు, ఎందుకంటే దానికి వాడే ప్రసార పద్ధతి తరచు మరింత శుభ్రమైన సిగ్నల్ కోరుతుంది. డిష్ కొద్దిగా పక్కకు తిరిగి ఉంటే ఎండ రోజున తెలియని లోపం వాన పడగానే బయటపడుతుంది.

రికార్డు చేసుకునేవారు లెక్క వేసుకోవాలి. ప్రసారం సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో వస్తే గంటకు 6.75 గిగాబైట్లు పడుతుంది. రెండు గంటల మ్యాచ్‌కు 13.5. తొలి స్కై హెచ్‌డీ బాక్సులో వాడుకరికి మిగిలిన చోటు 160 గిగాబైట్లు, అంటే ఈ లెక్కన 11 మ్యాచ్‌లు. నాకౌట్ మ్యాచ్‌లకు అదనపు సమయం, పెనాల్టీలు ఉండవచ్చు కనుక ముగింపు సమయాన్ని గంట పొడిగించి పెట్టాలి.

ధ్వని బొమ్మ కంటే ముందు వస్తుంటే, వ్యాఖ్యాత కేక వినబడ్డాక బంతి వలలో పడుతుంటే, బాక్సులో లేదా ఆంప్లిఫయరులో ఆడియో డిలే అనే సెట్టింగు పెంచండి. ఆ రోజుల్లో పక్కింటివారు పాత అనలాగ్ ప్రసారం చూస్తూ మనకన్నా ముందే కేకలు వేయడం మాత్రం ఏ సెట్టింగుతోనూ తీరేది కాదు, డిజిటల్ బొమ్మను కుదించి మళ్లీ విప్పడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కిటికీ మూసుకోవలసి వచ్చేది.

చివరిగా, అదే మ్యాచ్ వచ్చే మామూలు ఛానెల్ నంబరును ఒక కాగితం మీద రాసి రిమోట్ పక్కన పెట్టుకోండి. 2010 జూన్ 12న ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, అమెరికా జట్లు ఆడుతుండగా, ఆట 4వ నిమిషంలో బ్రిటన్‌లోని హెచ్‌డీ ఛానెల్లో పొరపాటున ఒక ప్రకటన పడింది. ప్రకటన ముగిసి మైదానం తిరిగి వచ్చేసరికి ఇంగ్లండ్ ఆటగాడు స్టీవెన్ జెరార్డ్ గోల్ చేసి సంబరం చేసుకుంటున్నాడు. ఆ గోల్‌ను మామూలు ఛానెల్లో చూస్తున్నవారు మాత్రం చక్కగా చూశారు.