పిల్లల మోచేయి విరిగితే – మూడో పాఠం: ఎముక కంటే ముందు నాడి

పోయిన పాఠంలో మోచేతికి కాస్త పైన, దండచేయి ఎముక పలచబడే చోటు చూశాం. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలు జామచెట్టు మీది నుంచో, డాబా మెట్ల మీది నుంచో చేయి ఆనించి పడితే ఎక్కువగా విరిగేది అక్కడే. ములుగు దాటి లోపలి ఊళ్ల నుంచి వరంగల్ రావాలంటే గంటకు పైనే. ఆ గంటలో ఆశా కార్యకర్త అయినా, పంతులమ్మ అయినా, తల్లి అయినా ఏం చేయాలో ఇవాళ నేర్చుకుందాం.

వాపు సంగతి తర్వాత. ముందు మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు వేళ్లు ఆనించి నాడి పట్టండి. విరిగిన ఎముక మొన ముందుకు పొడుచుకొచ్చి చేతికి రక్తం తెచ్చే నాళాన్ని నొక్కేయొచ్చు. గోరు అయిదు సెకన్లు నొక్కి వదలండి. రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. బాగున్న చేతితో పోల్చి చూడండి. చేయి తెల్లబడి చల్లగా తగిలితే ఇక దేనికీ ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

తర్వాత నరాలు. పిల్లవాడితో ఆటలాగా మూడు పనులు చేయించండి. బొటనవేలు పైకెత్తడం, బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుట్టడం, చూపుడువేలి మీదికి మధ్యవేలు ఎక్కించడం. నరం దెబ్బతింటే ఎక్కువగా కుదరనిది సున్నా చుట్టడమే. వేళ్ల కొనలు వంగవు, చిటికెడు ఉప్పు పట్టినట్టు చదునుగా ఆనుతాయి. చూసింది టైంతో సహా చీటీ మీద రాసి పంపండి. ఆపరేషన్‌కు ముందు నరం ఎలా ఉందో డాక్టరుకు ఆ చీటీయే చెబుతుంది.

గాజులు, తాయెత్తు దారాలు తీసేయండి. చేయి కొద్దిగా వంగి ఉండేలా అట్టముక్క, తువ్వాలు పెట్టి వదులుగా కట్టండి. వేళ్లు బయటికి కనపడాలి. చాలామంది మోచేయి పూర్తిగా మడిచి మెడకు కట్టేస్తారు. వాపు మీద అలా మడిస్తే నాళం ఇంకా నొక్కుకుపోతుంది. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు.

ఇక కట్టు. పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి బిగించిన కట్టుతో ఒక బాబు మూడో రోజు నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, వేళ్లు గుంజుతున్నయి" అని రెండు రాత్రులు ఏడ్చాడట. "బొక్క అతుకుతాంది, ఓర్సుకో బిడ్డా" అన్నారట. కట్టు విప్పితే ముంజేయి చెక్కలా గట్టిపడి ఉంది. లోపలి కండ చచ్చిపోయి, తర్వాత వేళ్లు కొంకర్లు పోయాయి. ఇప్పటికీ పెన్ను సరిగ్గా పట్టలేడు. ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే దీని గురించి రాశాడు. బిగుసుకున్న పిండికట్టు కింద కూడా ఇదే జరుగుతుంది. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ముడుచుకున్న వేళ్లను మీరు మెల్లగా చాపితే పిల్లవాడు కేక పెట్టినా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. గుడ్డ కట్టయితే అక్కడికక్కడే విప్పేయండి.

ఇవాళ్టి సాధన: ఇంట్లో పిల్లల చేతి మీద పదిసార్లు నాడి పట్టండి. పెద్దవాళ్లకంటే సన్నగా, వేగంగా తగులుతుంది. మొదట దొరకదు. వేళ్లు గట్టిగా నొక్కకండి, తేలిగ్గా ఆనించి ఆగండి.

వచ్చే పాఠంలో ఎక్స్‌రే. మన కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైన 1959లోనే గార్ట్‌లాండ్ అనే అమెరికన్ సర్జన్ ఈ విరుపును మూడు రకాలుగా విడదీశాడు. ఏ రకానికి పిండికట్టు చాలు, ఏ రకానికి ఎముకలోకి సన్నటి లోహపు తీగలు గుచ్చాలి అన్నది అక్కడ చూద్దాం.